పండిత రమాబాయి: గ్రంథాధ్యయనం – ఆచరణ

విద్య నాలుగు దశలలో సార్థకమవుతుందని మహాభాష్యకారుడైన పతంజలి పస్పశాహ్నికంలో నిరూపించాడు. గురుముఖం నుండి గ్రహించే ఆగమకాలం మొదటిది. తనలో తాను ఆవృత్తి చేసుకొనే స్వాధ్యాయకాలం రెండవది. ఇతరులకు బోధించే ప్రవచనకాలం మూడవది. నేర్చినదానిని కర్మలో వినియోగించే వ్యవహారకాలం నాల్గవది. మొదటి మూడు దశలను దాటిన విద్వాంసులు మన దేశంలో ఎందరో ఉన్నారు. నాల్గవ దశలో నిలిచి, దాని భారాన్ని కడవరకు మోసినవారు అరుదు. సంస్కృతవిద్యతో జీవితాన్ని ప్రారంభించి, క్రైస్తవ ధర్మగ్రంథానువాదంతో జీవితాన్ని ముగించిన పండిత రమాబాయి (1858–1922) అట్టి అరుదైనవారిలో ఒకతె. సంఘసంస్కర్తగా, స్త్రీవిద్యా ప్రచారకురాలుగా ఆమెను చరిత్రకారులు బహుధా ప్రస్తుతించారు. ఒక పాఠకురాలుగా ఆమె ఏమి చదివింది, ఎట్లా చదివింది, చదివినదానిని జీవించడానికి ఏ మూల్యం చెల్లించింది అన్నది మాత్రం ప్రాచ్యవిద్యా పరిశ్రమ చేసేవారు ప్రత్యేకంగా పరిశీలింపదగిన విషయం. పైన చెప్పిన నాలుగు దశల క్రమమే అందుకు అనువైన మార్గం.

ఆగమకాలం

రమాబాయి తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు. పూణెలో రామచంద్రశాస్త్రి సాఠే వద్ద చదువుకొనే రోజులలో, ఆ గురువు పీష్వా భార్యకు సంస్కృతం నేర్పడం చూశాడు. స్త్రీ సంస్కృతం చదవడం సాధ్యమేనన్న నిశ్చయం ఆయనకు అప్పుడే కలిగింది. తరువాత తన భార్య లక్ష్మీబాయికి స్వయంగా సంస్కృతం నేర్పాడు. బంధువులు నిరసించారు. సాంప్రదాయికులు ఆక్షేపించారు. ఉడుపిలో మాధ్వ పండితుల ఎదుట నిలిచి, స్త్రీలు కావ్యపురాణాలు చదవడం శాస్త్రవిరుద్ధం కాదని ప్రమాణపూర్వకంగా వాదించవలసి వచ్చింది. ఆయన నూతనభావాలు గల సంస్కర్త కాడు. వేదాధ్యయనాన్ని స్త్రీలకు ఆయనా అంగీకరించలేదు. శాస్త్రం ఎంతవరకు అనుమతించిందని తాను నమ్మాడో అంతవరకు నడిచాడు. అయితే నమ్మినదానిని ఇంటిలో ఆచరించాడు. కుమార్తెకు సంక్రమించిన మొదటి ఆస్తి ఇదే.

పశ్చిమ కనుమలలో గంగామూల అనే అరణ్యప్రదేశంలో 1858 ఏప్రిల్ 23న రమాబాయి జన్మించింది. అతిథిసత్కారాల వలన, తీర్థవాసుల పోషణ వలన అనంతశాస్త్రి సంపద అప్పటికే హరించుకుపోయింది. శిశువుకు ఆరు నెలలు నిండేనాటికి కుటుంబం తీర్థయాత్రకు బయలుదేరింది. ఒక మనిషి తలపై పెట్టుకొన్న వెదురుబుట్టలో ఆ శిశువు పశ్చిమ కనుమలు దిగింది. అటుపై ఆ కుటుంబానికి స్థిరనివాసం లేదు. దేవాలయ మండపాలలోనో, నదీతీరాలలోనో కూర్చుండి పురాణం చదవడం, శ్రోతలు సమర్పించిన బియ్యం, ఫలాలు, పైకం స్వీకరించడం, మరొక క్షేత్రానికి సాగిపోవడం. ఇదే వారి వృత్తి.

తండ్రి వృద్ధుడు కావడం చేత రమాబాయికి తల్లియే గురువయింది. ఎనిమిదవ ఏట మొదలైన ఆ పాఠం తెల్లవారక ముందే జరిగేది. ఇంటిపని మొదలుకాక మునుపు నిద్రలేపి, ఒడిలో కూర్చుండబెట్టుకొని లక్ష్మీబాయి చెప్పిన శ్లోకాలే ఆమెకు అక్షరాభ్యాసం, నిఘంటువు, వ్యాకరణం. పదిహేనేళ్ళు దాటేనాటికి భాగవతంలో అధికభాగం, భగవద్గీత, అమరకోశం ఆమెకు కంఠస్థాలు. పుస్తకం లేకుండా గ్రంథాన్ని వెంట మోసుకొనిపోగల శక్తి సంచారజీవనంలో విలాసం కాదు, అవసరం.

1874లో దక్షిణదేశంలో కరవు. పురాణం వినేవారు లేరు, ఇచ్చేవారు లేరు. ఉన్న వస్తువులు అమ్ముకొన్నారు. కూలిపని చేయడానికి పుట్టుక అడ్డు వచ్చింది. చేతనైన పని చదువు తప్ప మరొకటి లేదు. తిరుపతి ప్రాంతపు అడవులలో పదకొండు రోజులు ఆకులు, నీరు, గుప్పెడు అడవి ఈతపండ్లతో కాలం గడిపారు. అనంతశాస్త్రి జలసమాధికి సంకల్పించాడు. కుమారుడు శ్రీనివాసశాస్త్రి కులాభిమానం విడిచి ఏ పనియైనా చేస్తానని తండ్రిని ఆపాడు. అయినా కొద్దిదినాలలోనే అనంతశాస్త్రి కన్నుమూశాడు. జీవితాంతం దైవాన్ని సేవింపుమనీ, ధర్మమార్గం తప్పవద్దనీ చిన్నకూతురికి ఆయన చెప్పిన చివరి మాట. కొన్ని వారాలకు తల్లి మరణించింది. పాడె మోయడానికి ఇద్దరు బ్రాహ్మణులే ముందుకు వచ్చారు. శ్రీనివాసశాస్త్రి మూడవవాడు. నాల్గవ కొమ్ము రమాబాయి పట్టవలసి వచ్చింది. పొట్టి మనిషి కావడం చేత భుజాలు సమానం కాక, ఆమె దానిని తలపై మోసింది. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు. తరువాత అక్క కృష్ణాబాయి కూడ గతించింది.

స్వాధ్యాయకాలం

మిగిలిన అన్నాచెల్లెళ్ళు కాలినడకన దేశమంతా తిరిగారు. ఉత్తరాన కాశ్మీరం వరకు పోయారు. చలికి తాళలేక జీలం నదీతీరపు ఇసుకలో గుంతలు త్రవ్వుకొని, మెడవరకు ఇసుక కప్పుకొని రాత్రులు గడిపిన సందర్భం కలదు. ఎన్ని తీర్థాలలో మునిగినా, ఎన్ని వ్రతాలు చేసినా గ్రంథాలలో చెప్పిన ఫలం కనబడకపోవడం చేత సందేహం మొలకెత్తింది. అయితే గ్రంథాలను త్రోసివేసే సాహసం ఇంకా కలుగలేదు.

1878లో వారు కలకత్తా చేరారు. అక్కడి విద్వత్పరిషత్తు ఇరవై ఏళ్ళ యువతి సంస్కృత వాగ్ధాటికి ఆశ్చర్యపడి ఆమెకు పండిత, సరస్వతి అనే బిరుదులను ఇచ్చింది. ఆ నగరంలోనే ఆమె పఠనజీవితాన్ని నిర్ణయించిన మూడు ఘటనలు జరిగాయి.

మొదటిది. అంతఃపుర స్త్రీలకు స్త్రీధర్మాలను ఉపన్యసింపుమని పండితులు కోరగా, ఆమె ధర్మశాస్త్రాలను స్వయంగా పరిశీలించడం ప్రారంభించింది. అనేక విషయాలలో పరస్పరం విభేదించే గ్రంథాలు స్త్రీస్వభావ నింద విషయంలోను, స్త్రీకి స్వతంత్రంగా మోక్షాధికారం లేదనే విషయంలోను ఏకమైనట్లు ఆమెకు తోచింది. ఈ నిర్ణయంతో ఏకీభవించని పండితులు ఆనాడూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. పురాణేతిహాసాలలో భిన్నాభిప్రాయాలకు ఆధారాలు లేకపోలేదు. కాని తాను ఏ గ్రంథాన్ని నమ్మి జీవించాలో ఆ గ్రంథంలో తనకు చోటున్నదా అని వెదకిన పాఠకురాలి ప్రశ్న అది. వాదప్రతివాదాలతో తీరే ప్రశ్న కాదు.

రెండవది. బ్రహ్మసమాజ నాయకుడైన కేశవచంద్రసేన్ ఆమెను వేదం చదివావా అని అడిగాడు. స్త్రీకి అధికారం లేదని ఆమె సమాధానం చెప్పింది. ఆయన ఒక వేదప్రతిని చేతికిచ్చి చదువుమన్నాడు. తండ్రి గీచిన హద్దును ఆమె మొదటిసారిగా దాటింది.

మూడవది. ఒక క్రైస్తవ సమావేశానికి అన్నాచెల్లెళ్ళు ఆహ్వానింపబడ్డారు. అక్కడివారు ప్రార్థన కొరకు తమ కుర్చీల ఎదుట మోకరించగా, వారు కుర్చీలను పూజిస్తున్నారని వీరు భావించారు. తిరిగివచ్చేటప్పుడు సంస్కృతంలోకి అనువదింపబడిన బైబిలు ప్రతిని ఆమెకు బహూకరించారు. ఆమె చదువబూని విడిచిపెట్టింది. శ్రీరాంపూరు మిషనరీలు 1808 నాటికే సంస్కృత క్రొత్త నిబంధనను ప్రకటించారు. తరువాత కలకత్తాలో ఆ కృషి కొనసాగింది. దేశభాషలన్నింటికీ తల్లి వంటి భాషలో గ్రంథాన్ని నిలిపితే పండితులు చదువుతారని వారి ఆశ. రమాబాయి వంటి పాఠకురాలికంటె ఆ అనువాదానికి ఉత్తమాధికారి దొరకడం కష్టం. అట్టి ఆమెకే ఆ భాష తాను ఎరిగిన సంస్కృతం వలె వినిపించలేదు. పదం తెలిసినది, పదార్థం అపరిచితం. కాలం వ్యర్థమని గ్రంథాన్ని మూసివేసింది. అయినా దానిని ఎన్నడూ వదలివేయలేదు. జీవితాంతం తన వద్దనే ఉంచుకొన్నది.

1880లో అన్న ఢాకాలో మరణించాడు. అదే సంవత్సరం ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే వంగదేశీయ న్యాయవాదిని వివాహమాడింది. వరుడు బ్రాహ్మణేతరుడు. పెళ్ళి చట్టప్రకారం నమోదు అయింది. దంపతులు అస్సాంలోని సిల్చారులో కాపురం పెట్టారు. 1881లో కుమార్తె మనోరమ జన్మించింది. ఆ ఇంటి పుస్తకాలలో ఆమెకు ఒక చిన్న పొత్తం దొరికింది. అది వంగభాషలో లూకా సువార్త. సంస్కృతంలో మూగగా ఉండిపోయిన గ్రంథం ఇంటింటి భాషలో పలికింది. ఆ ఊరి బాప్టిస్టు మిషనరీ అలెన్ వచ్చి సృష్టికథను వివరించేవాడు. భర్త మిషనరీ పాఠశాలలో చదివినవాడే అయినా ఆమె ఆసక్తిని హర్షించలేదు. 1882 ఫిబ్రవరిలో విషూచి వ్యాధితో ఆయన మరణించాడు. పసిబిడ్డతో, విధవగా, కులభ్రష్టగా ఆమె మహారాష్ట్రకు తిరిగివచ్చింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. 1881లో బెర్లిన్‌లో జరిగిన ప్రాచ్యవిద్వాంసుల మహాసభలో శ్యామ్‌జీ కృష్ణవర్మ చదివి వినిపించిన సంస్కృత పద్యరచన రమాబాయిది. దేవభాష దీనస్థితికి అందులో ఆమె ఆవేదన పడింది. వంగభాషలోని లూకాను చదువుతున్న కాలంలోనే ఆమె సంస్కృతం కొరకు దుఃఖించింది. ఒక భాషపై ప్రేమ, మరొక భాషలో లభించిన అర్థం ఆమెలో ఏకకాలంలో ఉన్నాయి.

ప్రవచనకాలం

పూణెలో 1882లో ఆమె ఆర్యమహిళాసమాజాన్ని స్థాపించింది. హంటర్ విద్యాసంఘం ఎదుట సాక్ష్యమిచ్చి, బాలికలకు స్త్రీ ఉపాధ్యాయులు కావాలనీ, రోగిణులకు స్త్రీవైద్యులు కావాలనీ కోరింది. స్త్రీధర్మనీతి అనే మరాఠీ గ్రంథాన్ని రచించి, దాని విక్రయం వలన వచ్చిన ధనంతో 1883లో ఇంగ్లండుకు ప్రయాణమైంది. వైద్యం చదవాలన్నది ఆమె ఉద్దేశం. వినికిడి లోపం వలన అది నెరవేరలేదు.

వాంటేజ్‌లోని సెయింట్ మేరీ సన్యాసినీమఠంలో ఆమెకు ఆశ్రయం లభించింది. ఊరకే అన్నం తినడం ఇష్టం లేక, భారతదేశానికి వెళ్ళబోయే సన్యాసినులకు మరాఠీ నేర్పింది. లండను నగరంలోని ఫుల్‌హామ్‌లో ఆ మఠంవారు పతితలైన స్త్రీలకు నడిపే శరణాలయాన్ని చూచింది. నింద్యలని లోకం త్రోసివేసిన స్త్రీలను కులస్త్రీలు స్వహస్తాలతో సేవించడం ఆమెకు నమ్మశక్యం కాని దృశ్యం. దీనికి మూలమేమిటని అడిగితే, ఒక సన్యాసిని యోహాను సువార్తలోని సమరయ స్త్రీ వృత్తాంతం చదివి వినిపించింది. బావి వద్ద నీరు తోడుకొన వచ్చిన నిందితురాలితో, అన్యజాతి స్త్రీతో, యేసు తత్త్వవిచారం చేసిన కథ అది. కలకత్తాలో ధర్మశాస్త్రాలను ముందుంచుకొని ఆమె వేసిన ప్రశ్నకు ఈ కథలో సమాధానం కనిపించింది. ముందు ఆచరణను చూచి తరువాత వాక్యాన్ని వినడం ఇక్కడి విశేషం.

కాశీ పండితుడై ఉండి 1848లో క్రైస్తవం స్వీకరించిన నీలకంఠశాస్త్రి గోరే, అనగా నెహెమ్యా గోరే, షడ్దర్శనాలను ఖండిస్తూ గ్రంథం వ్రాసిన విద్వాంసుడు. ఆయన లేఖలు రమాబాయి తార్కిక సందేహాలకు సమాధానాలిచ్చాయి. 1883 సెప్టెంబరు 29న ఆమె, మనోరమ వాంటేజ్‌లో బాప్తిస్మం పొందారు. స్వదేశంలో నింద మిన్నుముట్టింది. అయితే మతాంతరం స్వీకరించడంతో ఆమె విచారణ ముగిసిందనుకోవడం పొరపాటు. తరువాతి రెండు మూడేళ్ళలో సిస్టర్ జెరాల్డీన్ అనే సన్యాసినితోను, ఇతర మఠాధికారులతోను ఆమె జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు 1977లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. అవి ఒక సంవాదగ్రంథం వలె ఉంటాయి. త్రిత్వసిద్ధాంతాన్ని, అథనేసియస్ విశ్వాసప్రమాణాన్ని, క్రీస్తు జననవృత్తాంతాన్ని ఆమె ప్రశ్నించింది. మూలగ్రంథంలో చూపనిదే మఠం చెప్పినంత మాత్రాన అంగీకరింపనన్నది. పురోహితుల కాడిని ఒకసారి తొలగించుకొన్న తరువాత మరొక కాడిని మెడకు ఎత్తుకోబోనని స్పష్టపరచింది. చెల్టెన్‌హామ్ మహిళాకళాశాలలో సంస్కృతం బోధిస్తున్న ఆమె పురుషులకు పాఠం చెప్పరాదని మతాధికారులు ఆక్షేపించగా, తన స్వదేశంలో తండ్రి కాలం నుండి లేని అడ్డు ఇక్కడ ఎందుకని నిలదీసింది.

లాటిన్ అక్షరాలు గల శిలువను ధరింపుమన్నప్పుడు ఆమె చూపిన వైముఖ్యం సంస్కృతజ్ఞులకు ప్రత్యేకంగా ఆసక్తికరం. తనకు తెలియని భాషలోని వాక్యాన్ని మెడలో వేసుకోవడం ఎందుకని ఆమె అడిగింది. సంస్కృతాన్ని దేవతల భాష అని బ్రాహ్మణులు భావించినట్లే మీరు లాటిన్‌ను భావిస్తున్నారా అన్నది ఆమె ఆక్షేప సారాంశం. వ్రాయవలసి వస్తే సంస్కృతంలో వ్రాయవచ్చునన్నది. ఈ వాదంలో రెండు అంచులున్నాయి. స్వదేశ భాషాభిమానం ఒక అంచు. ఏ భాషయూ తనంత తాను పవిత్రం కాదనే నిర్ణయం రెండవ అంచు. ఈ రెండవ అంచు తరువాతి కాలంలో ఆమె సంస్కృతాన్నే ఖండించింది.

1886లో ఆనందీబాయి జోషి వైద్యపట్టప్రదానోత్సవానికి ఆమె ఫిలడెల్ఫియా వెళ్ళింది. అమెరికాలో రెండేళ్ళకు పైగా సంచరించి ఉపన్యసించింది. ఉన్నతకుల హిందూస్త్రీల స్థితిని గూర్చి 1887లో ఆంగ్లగ్రంథం ప్రకటించింది. బోస్టనులో ఏర్పడిన రమాబాయి సంఘం పదేళ్ళపాటు ధనసాహాయ్యం చేయడానికి అంగీకరించింది.

వ్యవహారకాలం

1889 మార్చి 11న బొంబాయిలో శారదాసదనం వెలసింది. మరుసటి ఏడు అది పూణెకు మారింది. బాలవితంతువులకు విద్య, ఆశ్రయం దాని లక్ష్యాలు. మతబోధ చేయరాదన్నది నియమం. మహాదేవ గోవింద రనడే, రామకృష్ణ గోపాల భండార్కర్ వంటి పెద్దలు సలహాసంఘంలో ఉన్నారు. తొలి విద్యార్థినులలో ఒకరైన గోదూబాయి అనే వితంతువు 1893లో ధోండో కేశవ కర్వేను పునర్వివాహం చేసుకొన్నది.

రమాబాయి తన గదిలో బైబిలు చదివి ప్రార్థించుకొనేటప్పుడు తలుపు మూసేది కాదు. కొందరు బాలికలు వచ్చి కూర్చుండేవారు. ఇది నియమోల్లంఘనమని, మతప్రచారానికి చాటుమార్గమని తిలకుని కేసరి పత్రిక తీవ్రంగా విమర్శించింది. 1893లో రనడే, భండార్కర్ ప్రభృతులు తప్పుకొన్నారు. తల్లిదండ్రులు బాలికలను తీసికొనిపోయారు. ఇరుపక్షాల వాదాలలోను బలం లేకపోలేదు. మాట ఇచ్చి నమ్మకం సంపాదించిన సంస్థలో ప్రభావం చూపడం అనుచితమని పెద్దలు భావించారు. తన విశ్వాసాన్ని తలుపు చాటున దాచడం అసత్యమని ఆమె భావించింది. ఆ గది తలుపు మూసి ఉంటే మహారాష్ట్ర మేధావుల మద్దతు ఆమెకు మిగిలేది. ఆమె మూయలేదు.

ఈ దశకు కొంచెం ముందుగా, 1891 ప్రాంతంలో, ఆమె అంతరంగంలో ఒక పరిణామం కలిగింది. క్రైస్తవమతాన్ని బుద్ధితో గ్రహించాను గాని క్రీస్తును పొందలేదని ఆమెకు తోచింది. సిద్ధాంతజ్ఞానానికి, అనుభవానికి గల ఈ భేదం వేదాంత పరిభాషలో పరోక్షాపరోక్ష జ్ఞానభేదం వంటిది. అటుపై ఆమె పఠనంలో వాదం తగ్గింది, వినియోగం పెరిగింది.

1896–97లో మధ్యపరగణాలలో కరవు వచ్చింది. ఆ వార్త ఆమెకు తిరుపతి అడవులను జ్ఞప్తికి తెచ్చింది. ఇరవై మూడేళ్ళ క్రితం తాను ఎవరికొరకు ఎదురుచూచిందో ఆ మనిషిగా ఇప్పుడు తానే వెళ్ళవలసి ఉన్నది. వెళ్ళి, వందలకొద్దీ బాలికలను, వితంతువులను వెంట తెచ్చింది. పూణె సమీపాన రైలుమార్గంలో ఉన్న కేడ్గాఁవ్ వద్ద అంతకుముందే కొన్న భూమిలో వారికి నివాసాలు కట్టించింది. ఆ స్థలానికి ముక్తి అని పేరు. 1900లో గుజరాతు కరవు పీడితులు కూడ చేరగా అక్కడివారి సంఖ్య 2000కు చేరువైంది. వ్యవసాయం, నేత, గానుగ, పాడి, కుట్టుపని, ముద్రణ, అధ్యాపనం అన్నీ స్త్రీలే నిర్వహించారు. అంధులకు చుక్కల లిపి నేర్పారు. చెదరిన స్త్రీలకు కృపాసదనం ఏర్పడింది. ఫుల్‌హామ్‌లో చూచినది కేడ్గాఁవ్‌లో నిలిచింది. చదువు తప్ప చేతిపని తెలియక ఒక పండితకుటుంబం ఆకలికి బలి కావడం స్వయంగా ఎరిగిన స్త్రీ, తన శరణాలయంలో అక్షరంతోపాటు చేతిపనిని తప్పనిసరి చేసింది. కరవులో తెచ్చిన అనాథలకు అన్నంతోపాటు మతమూ ఇచ్చిందన్న ఆక్షేపణ నాడూ ఉన్నది, నేడూ ఉన్నది. వారిలో అనేకులు క్రైస్తవులైన మాట యథార్థం. వేరెవరూ చేరదీయని వారిని ఆమె చేరదీసిన మాటయూ యథార్థమే.

అనువాదం

ఆమె అంతిమకృషి బైబిలు మరాఠీ అనువాదం. శ్రీరాంపూరు వారి కాలం నుండి మరాఠీలో అనువాదాలు ఉన్నాయి. అవి సంస్కృతపదభూయిష్ఠాలై గ్రామీణస్త్రీలకు అర్థం కావడం లేదని ఆమె అభిప్రాయం. కేడ్గాఁవ్‌లో అప్పుడే అక్షరాలు నేర్చిన కరవుబాధితురాలు ఒక వాక్యం చదివి బోధపడక ఆగిపోవడం ఆమె నిత్యం చూచే దృశ్యం. సంస్కృత పారిభాషిక పదాలు తమవెంట పూర్వమతభావాలను కూడ తెస్తాయన్న శంక మరొకటి. కనుక ఏభై ఏళ్ళ వయసుకు చేరువలో ఆమె హెబ్రీ, గ్రీకు భాషలు అభ్యసించింది. పాత నిబంధనకు హెబ్రీని, క్రొత్త నిబంధనకు గ్రీకును మూలంగా గ్రహించి, వాడుక మరాఠీలో అనువదించడం ప్రారంభించింది. 1905 ప్రాంతంలో మొదలైన ఈ పని మరణపర్యంతం సాగింది. వినికిడి మందగించినకొద్దీ ఆమె బల్ల వద్దనే ఎక్కువ కాలం గడిపింది. అచ్చుకూర్చడం, ముద్రించడం ఆశ్రమస్త్రీల పని.

ఈ అనువాదంలో సంస్కృత పండితురాలు సంస్కృతాన్ని విసర్జించిందని పైకి తోస్తుంది. పరిశీలిస్తే ఆమె విసర్జించినది పదజాలాన్ని మాత్రమే. మూలంలోని ప్రతిపదానికి లెక్క చెప్పవలెనన్న పట్టుదల, పదచ్ఛేదం, అన్వయం, ప్రకృతిప్రత్యయ విచారణ, మూలాన్ని దాటి వ్యాఖ్యానానికి పోరాదన్న నియమం, ఇవన్నీ తెల్లవారుజామున తల్లి ఒడిలో నేర్చిన పాఠశాలా సంస్కారాలే. హెబ్రీ వాక్యాన్ని ఆమె శ్లోకాన్ని చదివినట్లే చదివింది. అధ్యయన ఫలాన్ని మాత్రం పండితునికి గాక పొలంపని చేసే స్త్రీకి సమర్పించింది. కలకత్తాలో తాను సంస్కృత బైబిలును ఎందుకు మూసివేసిందో, సిల్చారులో వంగభాషా సువార్తను ఎందుకు తెరిచిందో ఆమె మరువలేదని దీనివలన గ్రహింపవచ్చు.

గుణంతోపాటు దోషాన్ని కూడ చెప్పడం పరిశీలకుల ధర్మం. మూలపదానుసరణ మితిమీరడం వలన ఈ అనువాదంలో మరాఠీ జాతీయత పలుచోట్ల కుంటుపడిందని ఆ భాషావిమర్శకులు చెప్పారు. సంస్కృతజన్యమైన మరాఠీ నుండి సంస్కృతాన్ని ఏరివేయబూనడం సహజమూ కాదు, పూర్తిగా సాధ్యమూ కాదు. సంస్కృతపదాలలో అన్యమతభావాలు అంటుకొని ఉంటాయన్న ఆమె శంక కూడ చర్చనీయమే. పదం ప్రయోగాన్ని బట్టి అర్థాన్ని మార్చుకోగలదని శాబ్దికులకు తెలియనిది కాదు. మరాఠీ క్రైస్తవసంఘాలు ఆమె అనువాదాన్ని విస్తృతంగా స్వీకరించలేదు. పదిహేనేళ్ళకు పైబడిన శ్రమకు లోకంలో లభించిన ప్రచారం స్వల్పం.

ప్రభుత్వం 1919లో కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. అప్పటికి ఆమె బయటి సభలకు దూరమైంది. కుమార్తె మనోరమ విద్యావంతురాలై, తల్లికి కుడిభుజమై, నాటి నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో నెలకొల్పిన పాఠశాలను కూడ నడిపింది. తన తరువాత ముక్తిని నిర్వహించేది ఆమెయేనని రమాబాయి నిశ్చయించుకొన్నది. 1921 జూలై 24న మనోరమ నలభై ఏళ్ళకే మరణించింది. తల్లి, తండ్రి, అక్క, అన్న, భర్త, కుమార్తె, ఆరుగురి మరణాలనూ చూచిన రమాబాయి తిరిగి అనువాద పత్రాల వద్ద కూర్చుండింది. అచ్చుప్రతుల సవరణ పూర్తి కావడానికి మరి కొద్దిదినాలు ఆయువు కోరి ప్రార్థించిందనీ, సవరణ ముగిసిన వెంటనే కన్నుమూసిందనీ ముక్తి ఆశ్రమంలో చెప్పుకొంటారు. 1922 ఏప్రిల్ 5న ఆమె మరణించింది. సంపూర్ణ గ్రంథం ఆమె మరణానంతరం 1924లో వెలువడింది.

ఉపసంహారం

రమాబాయి నిర్ణయాలన్నింటినీ అంగీకరించడం ఏ వర్గంవారికీ సాధ్యం కాదు. హిందువులకు ఆమె మతాంతరం, క్రైస్తవాధికారులకు ఆమె ప్రశ్నలు, భాషావేత్తలకు ఆమె అనువాదశైలి సమ్మతాలు కాలేదు. అయితే గ్రంథం ఏదైనా, దానిని చదివినవారు దానికి బద్ధులు కావలెనన్న నియమాన్ని ఆమె ఎన్నడూ సడలించలేదు. తండ్రి శాస్త్రాన్ని నమ్మి భార్యకు చదువు చెప్పి బహిష్కారాన్ని సహించాడు. కుమార్తె సువార్తను నమ్మి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టి ఏకాకితనాన్ని సహించింది. గ్రంథాలు వేరైనా పఠనరీతి ఒకటే. అది ఆ ఇంటి సంప్రదాయం.

ఆమె అనువాదం నేడు గ్రంథాలయాలలో పరిశోధకులకు మాత్రమే కనిపిస్తుంది. కేడ్గాఁవ్‌లోని ముక్తి ఆశ్రమం మాత్రం ఆమె గతించి నూరేళ్ళు దాటినా నిరాశ్రయలైన స్త్రీలకు, శిశువులకు తలుపు తెరిచియే ఉంచింది. పతంజలి చెప్పిన నాల్గవ కాలం అక్కడ ఇంకా నడుస్తున్నది.